తల దగ్గర చాప

నాన్నను ఆక్లాండ్‌లోని మా ఇంటికి తీసుకురాక ముందే, ముందుగదిలో ఆయన తల వచ్చే చోట అమ్మ ఒక చాప పరిచింది. ఇంట్లో ఉన్న చాపలన్నిటిలోకీ పల్చనిది, మెత్తనిది. పెళ్లికి తెచ్చుకున్నది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. గది నిండా మనుషులున్నారు, కాలు పెట్టడానికి చోటు లేదు. అయినా ఆ చాప ఖాళీగానే ఉంది. పాకే పిల్లలు అటు వెళ్తుంటే ఎవరో ఒకరు కాలు పట్టి వెనక్కి లాగేవారు.

అది మా మేనత్త చోటు. మా టోంగా దీవుల వాళ్లలో మగవాడు పోతే అతని అక్క వచ్చి తల దగ్గర కూర్చుంటుంది. శవపెట్టె ఎప్పుడు లేవాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, కానుకగా వచ్చిన చాపలూ నారబట్టలూ ఎవరికి వెళ్లాలో అన్నీ ఆవిడ నోటి మాట మీదే జరుగుతాయి. చనిపోయినవాడి పిల్లలం మేము అందరికంటే కింద. చిరిగిన పెద్ద చాపలు ఒంటికి చెవుల దాకా చుట్టుకుని, జుట్టు విరబోసుకుని, పెరట్లో పొయ్యి దగ్గర ఉండాలి. పిలిస్తే తప్ప లోపలికి రాకూడదు. మూత మూసే ముందు, పోయినవాడి కూతురి జుట్టు మేనత్త కోస్తుంది. ఆ తర్వాతే నాన్న వెళ్తారు.

నాన్న బతికుండగా నా జుట్టుకు కత్తెర తగలనివ్వలేదు. యూనివర్సిటీలో చేరిన ఏడాది భుజాల వరకూ కోయించుకుంటానని అడిగితే, "అది నీది కాదే ఇలైసా, మీ అత్తది. ఆవిణ్ని అడుగు" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ మాట మాత్రం నిజం.

మా కలోలైనె అత్త అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీలో ఉంటుంది. చిన్న వయసులో చర్చి వాళ్లతో కలిసి టోంగా నుంచి కొన్ని నెలల వీసా మీద వెళ్లింది. వీసా అయిపోయింది, ఆవిడ రాలేదు. అక్కడే ముసలివాళ్లకు స్నానాలు చేయించే పని చేసింది, పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని కన్నది, మొగుణ్ని పోగొట్టుకుంది. ఇన్నేళ్లలో ఆ దేశం ఆవిణ్ని ఎవరివని అడగలేదు, ఉండమని కూడా అనలేదు. నాన్న, ఆవిడా ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ముసలివాళ్లయ్యారు.

నాన్న పోయిన రోజు సాయంత్రం మా కఫోవా చిన్నాన్న అత్తకు ఫోన్ చేశాడు. చిన్నాన్న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి అప్పుడే దిగాడు. సూట్‌కేస్ ఇంకా వరండాలోనే ఉంది. గదిలో అందరికీ వినపడేట్టు ఫోన్ పెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, మీ తమ్ముడు మీ కోసం చూస్తూ పడుకున్నాడు. మీరొచ్చి కూర్చుంటే తప్ప మూత వెయ్యం. ఎన్నాళ్లయినా సరే, ఇలాగే ఉంటాం."

అవతల కాసేపు ఏడుపు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"వస్తున్నాన్రా. నేను రాకుండా మూత వేశారో, ఒక్కొక్కడి చెవులు పిండుతాను."

గదిలో ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. అందరికీ మనసు కుదుటపడింది. పిలవాల్సినట్టు పిలిచారు, చెప్పాల్సినట్టు చెప్పింది. మాలో అలాగే పిలవాలి. అవతలివాళ్లు అలాగే వస్తున్నానని అనాలి. వెనకటికి అక్క పక్క ఊళ్లోనే ఉండేది కాబట్టి మాటా మనిషీ కలిసే వచ్చేవాళ్లు. ఇప్పుడు మధ్యలో సముద్రాలు వచ్చిపడ్డాయి. పిలిచే తీరు మాత్రం మారలేదు. అత్త రావడం కుదరదని, తల్లిలాంటి ఆవిడ అలా అంటుందంతేనని, ఎవరి మనసులో వాళ్లకు తెలుసనే అనుకున్నాను.

మర్నాడు నేను పెరట్లో చామదుంపలు చెక్కు తీస్తుంటే ఫోన్ మోగింది. జెమైమా. అత్త కూతురు. నాకంటే చిన్నది, నాకు మరదలు. ఎప్పుడూ ఎదురుపడి చూసుకోలేదు, పుట్టినరోజులకి మాట్లాడుకుంటాం.

"వదినా, మీవాళ్లు మా అమ్మకి ఏం చెప్పారు?"

"రమ్మన్నారు. మామూలే కదా."

"మామూలా? పొద్దుటి నుంచీ మా తమ్ముడికి బట్టల మిషన్ ఎలా వెయ్యాలో నేర్పింది. ఇప్పుడు గోడ మీద ఫోటోలు తీసి తువ్వాలులో చుడుతోంది. ఎవరైనా వారం రోజులకి వెళ్లేవాళ్లు ఫోటోలు తీస్తారా?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

జెమైమా అక్కడే పుట్టింది కాబట్టి ఆ దేశపు మనిషి. ఇరవై ఒకటి నిండగానే తల్లి కోసం దరఖాస్తు పెట్టింది. అది ఇంకా నడుస్తోంది. ఈ ఏడాదిలో తేలిపోవచ్చని లాయర్ చెప్పాడట. మళ్లీ ఆ లాయర్నే అడిగింది. తేలకముందు బయటికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అత్యవసరమని అడిగినా ఎప్పుడిస్తారో చెప్పలేరు. అనుమతి లేకుండా విమానం ఎక్కితే దరఖాస్తు పోయినట్టే. మళ్లీ లోపలికి రావాలంటే పదేళ్లు ఆగాలి.

"అత్తకి తెలుసా ఇదంతా?"

"నాకంటే బాగా తెలుసు. 'నా తమ్ముడి తల దగ్గర ఇంకెవరు కూర్చుంటారే' అంటుంది. అంతే. ఇంకేం అడిగినా పలకదు. మా తమ్ముడికి పదిహేనేళ్లు వదినా. వాడి ముందు ఏడవకూడదని బాత్రూమ్‌లోంచి మాట్లాడుతున్నాను. ఎవరైనా రావద్దని చెప్పండి. మీవాళ్లు చెబితే వింటుంది."

చెబుతారనే అన్నాను. చెప్పే మనిషి ఎవరో మాత్రం నాకు తోచలేదు.

మధ్యాహ్నం గ్యారేజీలో మగవాళ్లు కావా తాగుతున్నారు. మధ్యలో పెద్ద కొయ్య గిన్నె, అందులో కావా మొక్క వేళ్ల పొడి పిసికిన మట్టిరంగు నీళ్లు. కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది. పెద్దమనిషి ఉవైసెలె తాత గోడకి ఆనుకుని ఉన్నాడు. మా ఇంటి కార్యాల్లో మాట్లాడే బాధ్యత ఆయనది. గిన్నె దగ్గర హనిటెలి కూర్చుని పిసుకుతున్నాడు. హనిటెలి కఫోవా చిన్నాన్న కొడుకు. ఇక్కడ పుట్టి, నాలుగేళ్లప్పుడు బ్రిస్బేన్ వెళ్లాడు. అక్కడే పెరిగాడు. తాగిన గొడవలో ఒకడి దవడ విరగ్గొట్టి జైలుకి వెళ్లాడు. శిక్ష పూర్తయి బయటికొచ్చిన రోజే, పౌరసత్వం తీసుకోలేదు కాబట్టి నువ్వు ఈ దేశం వాడివి కాదని విమానం ఎక్కించారు. ఆక్లాండ్‌లో దిగినప్పుడు వాడికి మా నాన్న ఒక్కరే తెలుసు. వాడికి నాన్న మా వెనక గది ఇచ్చారు. రగ్బీలో వాడు ఇప్పటికీ బ్రిస్బేన్ వాళ్ల క్వీన్స్‌లాండ్ జట్టుకే అరుస్తాడు. "తన్ని తరిమినవాళ్లకే చప్పట్లు కొట్టేవాణ్ని నిన్నే చూశాన్రా" అని నాన్న వాణ్ని ఏడిపించేవారు.

నేను దుంపల పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. వాళ్లు దేశాల సంగతే మాట్లాడుకుంటున్నారు. చావింట్లో కూడా మావాళ్లకి వేరే మాట ఉండదు. ఎవరి వీసా ఎక్కడ ఆగింది, ఎవడు ఏ దేశానికి అల్లుడయ్యాడు.

"ఈ దేశం సంగతి నన్నడగండి" అన్నాడు ఉవైసెలె తాత. "ఫ్యాక్టరీలకి మనుషులు కావాలని మమ్మల్ని విమానం దిగగానే పనిలో పెట్టారు. పని తగ్గగానే, వీసా అయిపోయిందంటూ పోలీసులు తెల్లారకముందే కుక్కల్ని తీసుకుని తలుపులు బాదారు. మళ్లీ యాభై ఏళ్లకి సభ పెట్టి క్షమాపణ చెప్పారు. మంచిదే, కాదన్ను. కాకపోతే అది అందుకోవాల్సినవాళ్లు సగం మంది మాంగెరె శ్మశానంలో ఉన్నారు."

"చెప్పారు కదా తాతా. అమెరికావాడైతే చెప్పడు" అన్నారెవరో.

"వాడు చెప్పడు, అడగడు కూడా. ఉంటే ఉండు, పని చెయ్యి. గడప దాటావా, తలుపేస్తాడు. ఇంటికి కాదు, బోనుకి ఉంటుంది అలాంటి తలుపు."

కఫోవా చిన్నాన్న చిప్ప ఖాళీ చేసి కింద పెట్టాడు.

"మా ఆస్ట్రేలియాలో ఈ నాన్చుడు ఉండదు. రూలంటే రూలు. వరసలో నిలబడి వచ్చినవాడొకడు, పక్కనుంచి దూరినవాడొకడు. ఇద్దర్నీ ఒకేలా చూస్తే వరసలో నిలబడ్డవాడు వెర్రివాడా? నేను కాయితాలన్నీ పెట్టుకుని, పన్నులు కట్టుకుని ఉన్నాను. వీసాల దగ్గర గట్టిగా ఉంటామన్నవాళ్లకే ఓటేశాను, దాచుకోవడం దేనికి?"

"మరి మీ అక్క పక్కనుంచి దూరిందంటావా?"

"అక్క సంగతి వేరు."

"అందరి అక్కల సంగతీ వేరేరా నాయనా. అదే కదా గొడవ."

కొందరు నవ్వారు. హనిటెలి గిన్నెలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

"మా నాన్న చెప్పింది నిజమే తాతా. మావాళ్లది పద్ధతైన పని. నన్ను పంపేటప్పుడు ఇద్దరు కాపలావాళ్లు, ఒక సాండ్‌విచ్. 'మీ దేశానికి క్షేమంగా చేరండి' అన్నారు. ఏ దేశమని అడిగాను. వాళ్లు కాయితం చూసి చెప్పారు."

చిన్నాన్న కొడుకు వైపు చూడలేదు. చిప్ప అందుకోబోయి, అది ఖాళీగా ఉందని మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు నేను గుమ్మం దగ్గర్నుంచే జెమైమా చెప్పిందంతా చెప్పాను. చివర్లో, "చిన్నాన్నా, మీరే అత్తకి ఫోన్ చేసి రావద్దని చెప్పాలి" అన్నాను.

చిన్నాన్న మొహంలో రంగు పోయింది. ఆవిడ నిజంగా బయల్దేరుతుందని ఆయనా అనుకోలేదని అప్పుడే తెలిసింది.

"నేనేదో... అలా అనాలి కాబట్టి అన్నాను. అక్క కూడా అలాగే అందనుకున్నా."

"ఆవిడ మాటవరసకి అనలేదు. ఫోటోలు తీసేసింది."

"అయితే మాత్రం రావద్దని నేనెలా అంటానే? అక్క ఎదురుగా నేను కాళ్లు చాపుకుని కూర్చోను. ఆవిడ ఉన్న గదిలో గట్టిగా దగ్గను. తమ్ముడి తల దగ్గరికి రావద్దని అక్కతో అన్న మగాడు మనలో ఉన్నాడా? తాతా, మీరు చెప్పండి."

ఉవైసెలె తాత తల అడ్డంగా ఊపాడు. "నాకూ లేదు ఆ హక్కు. ఆవిడ పైనుంది, మనమంతా కిందున్నాం. కిందివాడు అడుక్కోవచ్చు. వద్దనకూడదు."

ఒక్క మాట అంటే ఆగిపోయే మనిషి. ఆ ఒక్క మాట అనడానికి ఇంతమందిలో ఎవరికీ అర్హత లేదు. లాయర్ చెప్పొచ్చు, చెప్పాడు. ఆవిడకి లాయర్ తమ్ముడు కాడు.

పెరట్లోకి వచ్చేసరికి అమ్మ నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుంది. నా జుట్టు చిక్కులు తీయడం మొదలుపెట్టింది. ఇలా చిక్కు పడితే కత్తెర దిగదని ఆమె బాధ. దువ్వెన కిందికి లాగుతూ, నాతో కాదన్నట్టు అంది.

"మా తాత పోయినప్పుడు ఆయన అక్క మంచాన ఉంది. ఆవిడ కూతురొచ్చి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. అత్త కడుపున పుట్టినవాళ్లు అత్తతో సమానమే."

"ఆ సంగతి అత్తకి తెలీదా?"

"తెలుసు. తెలిసి తనంతట తను అనడానికి ఆవిడకి నోరెలా వస్తుంది? తమ్ముడి దగ్గరికి నేను రాను, పిల్లని పంపుతానని? ఎవరో ఒకరు అడగాలి."

అడగడం. అది కిందివాళ్లు చేయొచ్చు.

నేను పెరటి గోడ పక్కకి వెళ్లి ఫోన్ చేశాను. అవతల అత్త గొంతు ప్రయాణం మీదున్న మనిషి గొంతులా ఉంది.

"ఏమ్మా, చాపలు చాలకపోతే చెప్పు. ఇక్కడ నా దగ్గర రెండున్నాయి, తెస్తున్నా."

"అత్తా, మిమ్మల్ని ఒకటి అడుక్కోవాలి."

"అడుగు."

"నా జుట్టు జెమైమా చేత కోయించుకోవాలని ఉంది."

అవతల పెట్టె సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. కట్ అయిందేమోనని ఫోన్ చూశాను. కాలేదు.

"దానికి కత్తెర పట్టుకోవడం రాదు. పేపరు కోసినా వంకరగా కోస్తుంది" అంది చివరికి.

"వంకరగా ఉన్నా పర్వాలేదత్తా."

"దానికి మన మాట రాదు. ఎప్పుడు లేవాలో తెలీదు. నీ తండ్రిని ఎత్తుకుని ఎరగదు." గొంతు పెరిగింది. "ఎవరే నీకు నేర్పారీ మాట? కఫోవానా? నా తమ్ముడి దగ్గరికి నేను రాకుండా అడ్డం పడతారటే అందరూ కలిసి?"

"ఎవరూ వద్దనలేదత్తా. ఎవరికుంది అనే హక్కు? మీరొస్తే మీ కాళ్ల దగ్గర కూర్చుంటాను. నా మటుకు నేను అడుగుతున్నాను. మీ అబ్బాయికి మీరుండాలి. నాకు మీ అమ్మాయి కావాలి."

ఆవిడ ఏడవలేదు. మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"మీ నాన్న నీకెప్పుడైనా చెప్పాడా, పోలీసులు వచ్చిన సంగతి?"

"వచ్చారని తెలుసు. తాతగారిని పట్టుకెళ్లారని."

"నాకు పదేళ్లు. వాడికి ఆరు. మంచం కిందికి వాణ్ని లాక్కుని దూరాను. కుక్క మంచం చుట్టూ తిరుగుతోంది. వాడు అరవబోయాడు. కుడి చెయ్యి వాడి నోటి మీద పెట్టాను. ఎడమ చెయ్యి కళ్ల మీద పెట్టాను, కుక్కని చూడకుండా. ఎంత సేపు అలా ఉన్నామో. వాడి ఊపిరి నా అరచేతిలోనే. మీ తాతని ఎలాగూ పట్టుకెళ్లారు, మమ్మల్నీ తర్వాత టోంగాకి పంపేశారు. ఆ చెయ్యి ఒక్కసారి మళ్లీ పెడదామని వస్తున్నాను. అంతేనే. మిగతాదంతా నాకు అక్కర్లేదు."

చదువుకున్నదాన్ని, ఆఫీసులో రోజూ నలుగురికి కాయితాల సంగతి విడమరిచి చెప్పేదాన్ని. గోడ పక్కన నిలబడి పిచ్చిదానిలా తల ఊపాను, ఆవిడకి కనపడదని కూడా తట్టలేదు.

అప్పుడు అత్త అంది. ఆ గొంతు నాకు తెలుసు. మా ఇంట్లో పెద్దావిడ ఆజ్ఞ ఇచ్చే గొంతు.

"విను. జెమైమా వస్తుంది. అది దిగేదాకా వాణ్ని కదపొద్దని ఉవైసెలెకి చెప్పు. విందుకి కోసే వాటిలో పెద్ద పంది చర్చి వాళ్లకి వెళ్లాలి. మూత వేసే ముందు దాని చేతులు నేను చెప్పినట్టు పెట్టించు. కుడిది నోటి మీద, ఎడమది కళ్ల మీద. ఇంకో మాట. ఫోన్లో నాకేమీ చూపించొద్దు. ఫోన్లో వాడి మొహం చాలా చూశాను."

శనివారం అనుకున్న ఖననం సోమవారానికి జరిపారు. ఎవరూ ఎందుకని అడగలేదు. అత్త మాట.

విమానాశ్రయంలో జెమైమా అందరికంటే ముందు బయటికొచ్చింది. అమెరికా పాస్‌పోర్టు యంత్రం మీద పెడితే గేటు తెరుచుకుందట. "ఒక్కళ్లు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు వదినా" అంది, తప్పు చేసినదానిలా. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజాన బడిపిల్లల సంచి. కళ్లు వాచి ఉన్నాయి. కారులోనే దానికి లుంగీ చుట్టి, పైన సన్నటి మంచి చాప కట్టాను. నా చాప దుమ్ముతో, పోగులు వేలాడుతూ గడ్డం దాకా ఉంది.

"నీదేంటి అంత పెద్దది, అంత పాతది?"

"నేను కింద. నువ్వు పైన."

"నువ్వు నాకంటే పెద్దదానివి కదా!"

"వయసులో. ఇవాళ నువ్వు మీ అమ్మవి."

ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే గదిలో ఉన్నవాళ్లంతా పక్కకి ఒదిగి దారి ఇచ్చారు. ముసలివాళ్లు కూడా తలలు వంచారు. జెమైమా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకిలా చూస్తున్నారు నన్ను?"

"రాణి వచ్చిందని."

"రాణికి ముందు బాత్రూమ్ చూపించవే తల్లీ. విమానంలో నిద్ర కూడా లేదు."

వెళ్లొచ్చి, చెప్పులు విప్పి, ఆ చాప మీద కూర్చుంది. నాన్న పోయినప్పట్నుంచీ ఖాళీగా ఉన్న చోటు. గదిలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడయింది. అమ్మ బోరున ఏడ్చింది. అప్పటిదాకా ఆమె ఏడవగా నేను చూడలేదు.

సోమవారం పొద్దున ఉవైసెలె తాత లేచి మాట్లాడాడు. జెమైమా వైపు తిరిగి, "కలోలైనె" అని అత్త పేరుతోనే పిలిచాడు. సముద్రాలు దాటి వచ్చావు, తల్లీ, నీ తమ్ముడు నీ ఎదురుగా ఉన్నాడు, మేము నీ ముందు దుమ్ముతో సమానం, నీ మాట కోసం ఉన్నామన్నాడు. నేను గుమ్మం అవతల మోకాళ్ల మీద ఉన్నాను. దానికి ఒక్క ముక్కా అర్థం కాలేదని నాకు తెలుసు. అయినా తన వంతు వచ్చిందని గ్రహించింది. తనకొచ్చిన ఇంగ్లీషులోనే, తల వంచుకుని మాట్లాడింది.

"మా అమ్మ రావాలనుకుంది. పెట్టె సర్దుకుంది. మేముండే దేశం ఆవిణ్ని పొమ్మనలేదు. వెళ్తే మాత్రం మళ్లీ రానివ్వదు. అందుకని నన్ను పంపింది. నాకేమీ తెలీదు. తప్పు చేస్తే నన్ను తిట్టండి, మా అమ్మని తిట్టొద్దు."

ఉవైసెలె తాత దాన్ని మా భాషలోకి మార్చలేదు. అవసరం లేకపోయింది. కఫోవా చిన్నాన్న మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పక్కనున్న హనిటెలి కాసేపు చూసి, తన చాప అంచు తీసి తండ్రి వీపు మీద కప్పాడు.

నన్ను పిలిచారు. మోకాళ్ల మీదే వెళ్లి జెమైమా ముందు తల వంచాను. అమ్మ వంటింటి కత్తెర ఇచ్చింది.

"ఎంత?" అని గుసగుసగా అడిగింది జెమైమా.

"నీ ఇష్టం. నీదే అది."

"వదినా, నాకు భయంగా ఉంది."

"కొయ్యి."

కత్తెర రెండు మూడుసార్లు పట్టు తప్పింది. మెడ దగ్గర చల్లగా తగిలింది. తర్వాత నా తల తేలికైంది. ఒక పక్క భుజం దాకా ఉంది, ఇంకో పక్క చెవి దాకా లేచింది. అత్త చెప్పినట్టే, వంకరగా.

"ఇప్పుడు మీ అమ్మ చెప్పిన పని" అన్నాను.

అది ముందుకి వంగింది. ఎప్పుడూ ఎదురుపడి చూడని మేనమామ మొహం. కుడి చెయ్యి నోటి మీద పెట్టింది. ఎడమ చెయ్యి కళ్ల మీద పెట్టింది. ఎందుకో ఆ గదిలో నాకూ దానికీ తప్ప ఎవరికీ తెలీదు. పాట పాడుతున్నవాళ్లు ఆపేశారు. ఎంతసేపు ఉంచాలో దానికి చెప్పలేదని గుర్తొచ్చింది. అయినా నేను మాట్లాడలేదు. తనంతట తనే తీసింది. తర్వాత మూత వేశారు.

శ్మశానంలో అందరూ పూలు పరుస్తుంటే చిన్నాన్న ఉవైసెలె తాత దగ్గరికొచ్చాడు.

"తాతా, నాకూ ఇక్కడే చోటు చూడండి. అన్నయ్య పక్కన."

"నీకేమయిందిరా? బ్రిస్బేన్‌లో ఇల్లుంది, చర్చి ఉంది."

"ఉన్నాయి. అక్కడైతే వీడు రాలేడుగా." హనిటెలి వైపు చూడకుండానే చెప్పాడు.

హనిటెలి పార దులుపుతున్నాడు. "నువ్వు ఇప్పట్లో పోవులే నాన్నా. అప్పటికి ఓటు మార్చుకుందువు గాని."

చిన్నాన్న దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాపి కొడుకు మెడ పట్టుకున్నాడు, చిన్నపిల్లాణ్ని పట్టుకున్నట్టు. అలాగే పట్టుకుని కారు దాకా నడిచాడు.

జెమైమా వెళ్లేటప్పుడు మేనత్తకి దక్కాల్సిన చాపలూ నారబట్టలూ దాని నెత్తిన పెట్టాం. విమానం వాళ్లు అంత బరువు ఒప్పుకోమంటే సగం ఇంటికి తెచ్చి, మళ్లీ పంపుతామన్నాం. అవి ఇంకా మా వెనక గదిలోనే ఉన్నాయి, హనిటెలి మంచం పక్కన.

అది ఇల్లు చేరాక అత్త ఫోన్ చేసింది. మొహం చూపించే ఫోన్ కాదు, మాట ఒక్కటే. చర్చివాళ్లకి పంది వెళ్లిందా అని అడిగింది. వెళ్లిందన్నాను. జుట్టు ఎలా ఉందని అడిగింది. ఆఫీసులో అందరూ ఏ సెలూన్ అని అడుగుతున్నారని చెప్పాను. చిన్నగా నవ్వింది. దరఖాస్తు సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నానే నిన్న" అంది. "ఎలా ఉన్నాడని అడిగాను. చల్లగా ఉన్నాడమ్మా, పెదాలు చల్లగా ఉన్నాయి అంది."

నేను ఊఁ అన్నాను.

"ఆ రోజు మంచం కింద వేడిగా ఉన్నాడు" అంది అత్త. "నా అరచెయ్యంతా తడి."